కర్బన ఉద్గారాల్లో అమెరికా, చైనా: ఎవరి వాటా ఎంత, ఏ లెక్కన?

1950లో ప్రపంచమంతా కలిసి బొగ్గు, చమురు, గ్యాస్ కాల్చి, సిమెంటు చేసి గాల్లోకి వదిలిన కార్బన్ డయాక్సైడ్ దాదాపు 600 కోట్ల టన్నులు. అందులో 250 కోట్ల టన్నులు, అంటే 40 శాతం పైమాటే, అమెరికాది. చైనా వాటా ఒకటిన్నర శాతం కూడా లేదు. 2000 నాటికి అమెరికా వాటా 24 శాతం దగ్గరికి దిగింది. దీన్ని చూసి ఆ దేశం పొదుపు పాటించిందనుకుంటే పొరపాటే. ఆ యాభై ఏళ్లలో దాని ఉద్గారాలు రెట్టింపు దాటి 600 కోట్ల టన్నులకు చేరాయి. సోవియట్ యూనియన్, జపాన్, ఆ తర్వాత మిగతా ఆసియా దేశాలు అంతకన్నా వేగంగా పెరగడంతో భిన్నంలో హారం పెద్దదైంది, అంతే.

అమెరికాలో నికరమైన తగ్గుదల 2007 తర్వాత మొదలైంది. 2005లో అక్కడి కరెంటులో సగం బొగ్గుదే. రాతి పొరల్లోంచి తీసే షేల్ గ్యాస్ చవగ్గా దొరకడం, పవన, సౌర విద్యుత్తు తోడవడంతో 2023కి అది ఆరో వంతుకు పడిపోయింది.

చైనా పెరుగుదలా ఒకే తీరుగా సాగలేదు. 1958లో మావో పిలుపుతో ఊరూరా పెరటి కొలుముల్లో ఉక్కు కరిగించారు. 1960కి ఉద్గారాలు మూడు రెట్లయ్యాయి. కరువు వచ్చి ఆ ప్రయోగం కుప్పకూలాక రెండేళ్లలో దాదాపు సగానికి తగ్గాయి. 1990లో చైనా వాటా 11 శాతమే. 2001 డిసెంబర్‌లో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరాక ఎగుమతుల కోసం ఉక్కు, సిమెంటు, బొగ్గు విద్యుత్తు ఒక్కసారిగా విస్తరించాయి. 2006లోనే అమెరికాను దాటిందని మరుసటి ఏడాది జూన్‌లో నెదర్లాండ్స్ పర్యావరణ అంచనా సంస్థ లెక్క తేల్చింది. 2023లో చైనా వాటా 31 శాతం పైన, అమెరికాది 13 శాతం.

ఈ రెండు దేశాల వాటాల మధ్యే దౌత్యం నలిగింది. 1997 జూలైలో, సంపన్న దేశాల ఉద్గారాలకు మాత్రమే పరిమితి పెట్టిన క్యోటో ఒప్పందానికి ముందే, వర్ధమాన దేశాలకూ పరిమితులు పెట్టని ఒప్పందం వద్దని అమెరికా సెనేట్ 95-0తో తీర్మానించింది. 2001లో బుష్ క్యోటో నుంచి తప్పుకున్నారు. చైనా పట్టు వేరు: 1750 నుంచి పోగుపడిన కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు నాలుగో వంతు అమెరికాది, తనది సుమారు 15 శాతమే. తలసరి చూసినా అమెరికన్‌కు 14 టన్నులు, చైనీయుడికి 8 టన్నుల పైన. 2014 నవంబర్‌లో ఒబామా, జిన్‌పింగ్ బీజింగ్‌లో కలిసి లక్ష్యాలు ప్రకటించాకే పారిస్ వాతావరణ ఒప్పందానికి దారి పడింది.

ఉద్గారాల పాత, కొత్త పట్టికలను అతికించి పోల్చేవారు తరచూ బోల్తా పడతారు. కొన్ని పట్టికలు కార్బన్‌ను మాత్రమే కొలుస్తాయి; కార్బన్ డయాక్సైడ్‌గా మార్చాలంటే 3.67తో గుణించాలి. భూమిని వేడెక్కించడంలో మీథేన్‌ను క్యోటో తొలి దశలో కార్బన్ డయాక్సైడ్‌కు 21 రెట్లుగా లెక్కించేవారు, ఇప్పుడు 28. అడవులు పీల్చుకున్నదాన్ని తీసేస్తే అమెరికా అంకె పదో వంతుకు పైగా తగ్గుతుంది. 2015లో చైనా తన పాత బొగ్గు గణాంకాలనే పైకి సవరించింది. కొన్ని ఏళ్లకు తేడా 17 శాతం దాకా ఉంది. ఎగుమతైన సరుకు పొగను కొన్న దేశం ఖాతాలో వేస్తే చైనా లెక్క సుమారు పదో వంతు తగ్గి, అమెరికాది దాదాపు అంతే పెరుగుతుంది. కానీ ఐక్యరాజ్యసమితికి ఇచ్చే నివేదికల్లో పొగ ఏ దేశపు నేల మీద వెలువడితే ఆ దేశానిదే.