ఎబ్రోయిన్: రాజు గుమ్మం పట్టుకు కూర్చున్న ‘మేయర్’ (అపోహలు - వాస్తవాలు)

ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతాన్ని ఏలిన ఫ్రాంకుల ఏడో శతాబ్దపు చరిత్ర తెలుగులో చెప్పబోతే మొదటి చిక్కు ‘మేయర్’ అనే మాట దగ్గరే వస్తుంది. వినగానే నగరపాలక సంస్థ గుర్తొస్తుంది. లాటిన్‌లో ఉన్నది ‘మాయోర్ దోముస్’, అంటే ఇంటి పెద్ద. ఆ ఇల్లు రాజుగారిది. ఫ్రాంకుల రాజ్యాలైన న్యూస్ట్రియా, బర్గండీలకు ఆ పదవిలో దాదాపు ఇరవై ఏళ్లు, మధ్యలో రెండేళ్లు పోను, పెత్తనం చేసినవాడు ఎబ్రోయిన్.

అపోహ: మేయర్ అంటే ఇప్పటి ప్రధానమంత్రి.

అధికారాలను రాసిపెట్టిన పత్రమేదీ లేదు. రాజును ఎవరు కలవాలి, ఎవరి విన్నపం ఆయన చెవిన పడాలి, ఖాళీ అయిన పదవి ఎవరికి, రాజభూముల్లో ఏ ముక్క ఎవరికి: ఇవి నడిపించడమే ఆ పని. 658 ప్రాంతంలో ఎర్చినోల్డ్ తర్వాత ఎబ్రోయిన్ వచ్చేసరికి రాజు మూడో క్లోథార్ పిల్లవాడు, పాలన చూసేది రాజమాత బాల్తిల్డ్. 665 ప్రాంతంలో ఆమె షెల్ మఠానికి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఎబ్రోయిన్, తన ఆజ్ఞ లేనిదే బర్గండీ నుంచి ఎవరూ రాజభవనానికి రాకూడదన్నాడు. అతని బలమంతా ఆ గుమ్మంలోనే ఉంది. దెబ్బ తిన్నదీ అక్కడే.

అపోహ: అప్పటికే రాజులు ఉత్సవ విగ్రహాలు.

ఎద్దుబండిలో తిరిగే చేతకాని రాజు బొమ్మ గీసింది తొమ్మిదో శతాబ్దంలో ఐన్‌హార్డ్. అతను కొలువు చేసింది ఫ్రాంకుల పాత రాజవంశమైన మెరొవింజియన్లను దించి సింహాసనమెక్కిన కుటుంబం దగ్గర. ఆ బొమ్మను 150 ఏళ్లు వెనక్కి జరిపి ఇక్కడ అతికిస్తే 673లో జరిగింది అర్థం కాదు. ఆ ఏడు క్లోథార్ పోయాడు. రివాజు ప్రకారం పెద్దలందరినీ పిలిచి వాళ్ల ఎదుట కొత్త రాజును నిలబెట్టాలి. ఎబ్రోయిన్ ఎవరినీ పిలవకుండా క్లోథార్ తమ్ముడు మూడో థ్యూడెరిక్‌ను రాజును చేశాడు. చూడ్డానికి బయల్దేరినవాళ్లను దారిలోనే వెనక్కి మళ్లించాడు. రాజు వట్టి విగ్రహమైతే ఇది ఎవరికి పట్టేది? రాజు కంటికి కనబడకపోతే ఆయన పేరు చెప్పి ఇతను ఎవరినైనా ఏమైనా చేయగలడని పెద్దలకు భయం పట్టుకుంది. తిరగబడి, ఎబ్రోయిన్‌నూ థ్యూడెరిక్‌నూ దించి, ఫ్రాంకుల మరో రాజ్యం ఆస్ట్రేసియా నుంచి రెండో చిల్డెరిక్‌ను తెచ్చుకున్నారు. ఆయనా బొమ్మ కాదు. బోదిలో అనే ప్రభువును కట్టేసి కొట్టించి, 675లో అదే బోదిలో చేతిలో, గర్భవతి అయిన రాణితో సహా, ప్రాణాలు పోగొట్టుకున్నాడు. బొమ్మను చంపడానికి ఎవరూ అంత కష్టపడరు.

అపోహ: గుండు గీసి మఠంలో వేస్తే కథ కంచికే.

మెరొవింజియన్ రాజుకు పొడవాటి జుట్టే గుర్తు, అందుకే దించగానే కత్తిరించేవారు. కానీ జుట్టు నెలకు సుమారు 1 సెంటీమీటరు పెరుగుతుంది! సెంట్ డెనీ మఠంలో థ్యూడెరిక్ దాన్ని పెంచుకుంటూ కూర్చున్నాడు. ఎబ్రోయిన్‌ను లుక్సుయ్ మఠానికి పంపారు. అతని బద్ధశత్రువు, ఓతున్ బిషప్ లెయొదెగార్ కూడా 675 ఈస్టర్ వేళ చిల్డెరిక్‌తో చెడి అక్కడికే చేరాడు. రాజు హత్యతో ఇద్దరూ బయటపడ్డారు.

తర్వాత ఎబ్రోయిన్ చేసిన పనుల వరస చూడండి. ముందు, క్లోథార్ కొడుకని ఒక కుర్రాణ్ని చూపించి ‘క్లోవిస్’ అని రాజును చేశాడు. రాజు లేని మేయర్ వెంట సైన్యం నడవదు. తర్వాత ఏం చేయాలని రువాన్ బిషప్ ఔడోయిన్‌ను అడిగితే, ‘ఫ్రెడెగుండ్‌ను గుర్తుంచుకో’ అన్నాడట. ఎత్తులకు, హత్యలకు పేరుపడిన పాత రాణి ఆమె. ఆపైన పోన్ సెంట్ మాక్సాన్స్ దగ్గర వాజ్ నది దాటి, రాజభాండారం పట్టుకుని, మళ్లీ రాజైన థ్యూడెరిక్ పక్కనున్న కొత్త మేయర్ ల్యుదేసియస్‌ను చంపించాడు. థ్యూడెరిక్ మళ్లీ చేతికి చిక్కగానే ఆ ‘క్లోవిస్’ అవసరం తీరిపోయింది.

అపోహ: లెయొదెగార్ సాధువు, ఎబ్రోయిన్ రాక్షసుడు.

బిషప్ కళ్లు పీకించడం, పెదవులు, నాలుక కోయించడం, చివరికి తల నరికించడం, వీటిని కాదనలేం. అయితే ఆ కథ రాసింది బిషప్ పక్షంవాళ్లు. అదే కాలపు మరో సాధువు, క్లెర్మాన్ బిషప్ ప్రెయెక్తుస్ చరిత్ర చదివితే లెయొదెగార్ అతని ప్రత్యర్థికి అండగా కనబడతాడు. 677 నాటి తోలుపత్రం ఒకటి అసలు ప్రతిగానే మిగిలింది. అక్రమంగా పీఠమెక్కాడని ఎంబ్రన్ బిషప్ క్రామ్లిన్‌ను దించారని, ఆస్తి మాత్రం అతనికే వదిలి సెంట్ డెనీలో ఉండనిచ్చారని అందులో ఉంది. ఇదీ ఎబ్రోయిన్ పెత్తనంలో జరిగిందే. సొయ్‌సాన్‌లో కన్యామఠం స్థాపనలో అతనికీ, భార్య లెయుత్రూద్‌కూ చేయి ఉంది.

అపోహ: ఎబ్రోయిన్ ఇంగ్లండు బిషప్ విల్‌ఫ్రిడ్ తలకు కుంచెడు బంగారు నాణేలు ఇస్తానన్నాడు.

ఇది విల్‌ఫ్రిడ్ అనుచరుడి మాట. కొలత పేరు ‘మోదియుస్’, రోమన్ లెక్కలో సుమారు 8.7 లీటర్లు. సరిగ్గా ఆ దశాబ్దంలోనే ఫ్రాంకుల టంకశాలలు బంగారం మానేసి వెండికి మారుతున్నాయి. అంచేత శత్రుత్వాన్ని నమ్మొచ్చు గానీ కొలతను నమ్మనక్కర్లేదు.

ఇక చావు. దాన్ని యుద్ధానికో విప్లవానికో అంటగట్టడం తప్పు. 680 ప్రాంతంలో లుకోఫావో దగ్గర ఆస్ట్రేసియా సేనను ఓడించి గెలుపు మీదున్నాడు. ఎర్మెన్‌ఫ్రెడ్ అనే రాజభూముల అధికారి ఆస్తిని ఎబ్రోయిన్ లాక్కుని, అతని ప్రాణం కూడా తీస్తానని బెదిరించాడు. ఒక ఆదివారం తెల్లవారకముందే ప్రార్థనకు బయల్దేరిన ఎబ్రోయిన్‌ను, ఇంటి గుమ్మం దగ్గరే కాపుకాసి తల మీద కత్తితో కొట్టాడు ఎర్మెన్‌ఫ్రెడ్. కొట్టి, ఆస్ట్రేసియా నాయకుడు పిప్పిన్ దగ్గరికి పారిపోయాడు.