టైమింగ్ బెల్టు చెప్పి తెగదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

శ్రీకాకుళం సింహద్వారం దగ్గర హైవే పక్కనే మా కార్ల రిపేరు షెడ్డు. ఇచ్ఛాపురం వైపు నుంచి వైజాగ్ పోయే ట్యాక్సీలు, ఎచ్చెర్ల ఫ్యాక్టరీలకి స్టాఫ్‌ని తిప్పే బండ్లు, పలాస నుంచి ఆసుపత్రి పనిమీద వచ్చే సొంత కార్లు, అన్నీ మా ముందునుంచే పోతాయి. వాటిలో ఏదైనా తాడు కట్టి లాక్కొస్తే నేను మొదట అడిగేది ఒకటే: "సెల్ఫ్ కొడితే ఇంజను మామూలు కంటే తేలిగ్గా, గిర్రున తిరుగుతోందా?" అవునంటే నాకు బాధేస్తుంది. కంప్రెషన్, అంటే ఇంజను లోపల గాలి నొక్కుకునే ఒత్తిడి, లేదన్నమాట, టైమింగ్ బెల్టు పోయి ఉంటుంది. నాలుగు వేలతో తేలే పని పాతిక వేలకి ఎక్కి కూర్చుంటుంది.

ఈ బెల్టు పనేమిటో తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. ఇంజను అడుగున పిస్టన్లు తిప్పే ఇరుసు క్రాంకు, పైన వాల్వుల్ని (గాలి, పొగ వచ్చిపోయే మూతల్ని) తెరిచే ఇరుసు క్యామ్ ఉంటాయి. క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరగాలి. హైవే మీద క్రాంకు నిమిషానికి 3,000 సార్లు తిరుగుతుంటే క్యామ్ 1,500 సార్లు తిరుగుతుంది. బెల్టు మీది ఒక్క పన్ను కూడా తప్పకూడదు. పిస్టన్ పైకొచ్చే వేళకి వాల్వు మూసుకుపోవాలి. ఆ లెక్క తప్పకుండా చూసేది పళ్ళున్న ఈ రబ్బరు బెల్టే. అది తెగిందా, క్యామ్ ఎక్కడున్నది అక్కడే ఆగిపోతుంది, క్రాంకు ఊపు మీద ఇంకా తిరుగుతుంది. తెరుచుకుని ఉన్న వాల్వుని పిస్టన్ గుద్దుతుంది. వాల్వులు వంగిపోతాయి. ఇలా గుద్దుకోని ఇంజన్లూ కొన్ని ఉన్నాయి గానీ, ఇప్పుడు మన రోడ్ల మీద తిరిగే వాటిలో, ముఖ్యంగా డీజిళ్ళలో, గుద్దుకునేవే ఎక్కువ.

అపోహ: "పాడైతే కీచుమని అరుస్తుంది కదా, అప్పుడు మారుద్దాం."

పొద్దున్నే స్టార్ట్ చేస్తే కీచుమనేది ఫ్యాన్ బెల్టు. ఆల్టర్నేటర్‌నీ ఏసీనీ తిప్పే బెల్టు అది, బయటే కనిపిస్తుంది. జారితే అరుస్తుంది. టైమింగ్ బెల్టు కవరు లోపల ఉంటుంది, పళ్ళు పట్టుకుని తిరుగుతుంది, ఫ్యాన్ బెల్టులా జారి అరవదు. దాన్ని బిగువుగా పట్టి ఉంచే చక్రం టెన్షనర్, ఆ చక్రం బేరింగు అరిగితే గుయ్యిమనే రొద వస్తుంది. అది వినబడితే అదృష్టమే, ఆ రోజే బండి తీసుకురండి.

పై కవరు విప్పి చూసి "ఇంకో ఏడాది నడుస్తాది" అని చెప్పే మేస్త్రీలూ ఉన్నారు. చూసి ఆయుష్షు చెప్పడం నాకు రాదు, ఎవరికీ రాదు. బెల్టు లోపల సన్నటి గాజు దారాలు ఉంటాయి, అవి అలిసిపోయినా పైన రబ్బరు నున్నగానే కనిపిస్తుంది. పగుళ్ళో, ఊడిన పన్నో, ఆయిల్ తడో కనిపిస్తే వెంటనే మార్చాలి. ఏమీ కనిపించలేదని మాత్రం బాగుందనుకోకూడదు.

అపోహ: "నా బండి పాతిక వేల కిలోమీటర్లు కూడా తిరగలేదు."

ఉద్దానం వాళ్ళకి ఇది నేను ప్రత్యేకంగా చెబుతాను. సోంపేట, కవిటి, కంచిలి, మందస వైపు ఎన్నో ఇళ్ళల్లో మగాళ్ళు గల్ఫ్‌లోనో, షిప్పు మీదో, మిలిటరీలోనో ఉంటారు. కారు కొబ్బరిచెట్ల కింద కవరు కప్పుకుని ఉంటుంది. సంక్రాంతికి బయటికి తీసి, పది రోజులు తిప్పి, మళ్ళీ కప్పేస్తారు. ఏడెనిమిదేళ్ళయినా మీటరు 25,000 దాటదు. "ఏటన్నయ్యా, షోరూమ్ బండిలాగుంది కదా, దానికి బెల్టు మార్సడమేటి?" అంటారు.

రబ్బరుకి వయసు ఉంటుంది. వేడికి, చెమ్మకి, కాలానికి అది గట్టిపడిపోతుంది. నెలల తరబడి ఒకే చోట వంగి ఉండటం కూడా దానికి మంచిది కాదు. అందుకే కంపెనీ పుస్తకంలో కిలోమీటర్లూ ఏళ్ళూ రెండూ రాస్తారు, ఏది ముందొస్తే అదే గడువు. బెల్టున్న చాలా బండ్లకి అది 60,000 నుంచి 1,00,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఐదారేళ్ళు. కొన్నింటికి ఇంకా ఎక్కువే ఇస్తారు. మీ బండికి ఎంతో మీ పుస్తకంలోనే చూడండి, నా మాట మీద కూడా ఆధారపడకండి.

వరద నీళ్ళు ఇంజను దాకా వచ్చిన బండి అయితే గడువు కోసం ఎదురుచూడొద్దు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తర్వాత మా దగ్గరికొచ్చిన బండ్లలో కవరు విప్పితే పళ్ళ మధ్య బురద గట్టిపడి ఉండేది. ఆ కవరు దుమ్మునైతే ఆపుతుంది గానీ వరదని ఆపలేదు.

అపోహ: "ఇప్పటి కార్లన్నిటికీ చైనే కదా."

కాదు. బెల్టు బదులు అదే పని చేసే ఇనుప చైను చాలా వాటికి ఉంది గానీ, ఒకే పేరు మీద రెండు రకాలూ వచ్చాయి. ఐ10లో 1.1 ఇంజనుకి బెల్టు, 1.2 కప్పా ఇంజనుకి చైను. పాత వ్యాగన్ఆర్ 1.1కి బెల్టు, తర్వాతి కె సిరీస్‌కి చైను. పాత ఇన్నోవా 2.5 డీజిలుకి బెల్టు, క్రిస్టా 2.4కి చైను. శాంత్రో జింగ్, ఆల్టో 800, ఇండికా 1.4 డీజిలు, డస్టర్ 1.5 డీజిలు, ఫిగో డీజిలు, పోలో డీజిలు, ఇవన్నీ బెల్టు బండ్లే. స్విఫ్ట్ 1.3 డీజిలుకి చైను. కొన్ని ఇంజన్లకి ఈ రెండూ కాదు, గేర్లు.

చైనున్న వాళ్ళు కూడా ఇంజనాయిలు వేళకి మార్చకపోతే చైను సాగి చప్పుడు మొదలవుతుంది. దాని ఖర్చు బెల్టు కంటే ఎక్కువ.

అపోహ: "బెల్టొక్కటీ వేసెయ్, బేరింగులు బాగానే ఉన్నాయి."

ఈ మాట విని నేనొకసారి తప్పు చేశాను. షెడ్డు పెట్టిన కొత్తలో ఒక ట్యాక్సీ డ్రైవరు వచ్చాడు. పిల్లల ఫీజుల నెల, డబ్బు కటకట. టెన్షనర్ చేత్తో తిప్పి చూశాను, సాఫీగానే తిరిగింది. పన్నెండు వందలు మిగులుతాయని పాతదే ఉంచి కొత్త బెల్టు వేశాను. నాలుగు నెలలకి రణస్థలం దాటాక ఆ బేరింగు బిగుసుకుపోయింది, కొత్త బెల్టుని కాల్చి తెంపేసింది. హెడ్డు (వాల్వులుండే ఇంజను పైభాగం) దించితే ఎనిమిది వాల్వులూ వంకరే. కూలీ నేను తీసుకోలేదు, లేత్ పనికి సగం నేనే పెట్టాను. అయినా అతనికి పది రోజులు బండి లేదు, ఆ నెల ఫీజులు కట్టలేకపోయాడు. ఆ తర్వాత ఎవరు ఎంత బతిమాలినా బెల్టొక్కటీ వేయను. బెల్టు, టెన్షనర్, ఐడ్లర్ (బెల్టుకి దారి పట్టించే చక్రం) ఉంటే అదీ, కలిపి కిట్టుగా మారుస్తాను. క్యామ్, క్రాంకు ఆయిల్ సీళ్ళు చెమరుస్తుంటే అవి కూడా, ఎందుకంటే ఆయిల్ తగిలితే కొత్త బెల్టు కూడా మెత్తబడి పోతుంది. డస్టర్ డీజిలు లాంటి వాటిలో వాటర్ పంపుని తిప్పేది కూడా ఈ బెల్టే కాబట్టి పంపు కూడా అప్పుడే మార్చుకోవాలి. తర్వాత పంపు లీకైతే మళ్ళీ ఇదంతా విప్పాలి, ఆ కూలీ మళ్ళీ మీదే.

ఇక ఖర్చు. మా దగ్గర ఈ మధ్య రేట్లలో చిన్న పెట్రోలు కారుకి కిట్టూ కూలీ కలిపి 3,000 నుంచి 5,000. పాత ఇన్నోవాకి 7,000 నుంచి 10,000. డస్టర్ డీజిలుకి వాటర్ పంపుతో సహా 10,000 నుంచి 15,000. పోలో డీజిలు లాంటి వాటికి 15,000 పైనే, షోరూములో ఇంకొంచెం ఎక్కువ. తెగాక వస్తే వాల్వులు, హెడ్ గ్యాస్కెట్, లేత్ పని, కూలీ కలిపి చిన్న కారుకే 15,000 నుంచి 30,000 అవుతుంది. డీజిలుకి యాభై వేలు దాటడం మామూలే. డూప్లికేట్ బెల్టు కొంటే ఐదారు వందలు మిగులుతాయి. దయచేసి ఆ పని చేయకండి, ప్యాకెట్టు మీ ముందే విప్పించుకోండి.

అపోహ: "ఆగిపోతే నలుగురూ తోస్తే స్టార్టవుతుంది."

బ్యాటరీ డౌనైతే అవుతుంది. నడుస్తూ నడుస్తూ ఠక్కున ఆగి, సెల్ఫ్ కొడితే తేలిగ్గా తిరుగుతుంటే తాళం ఆఫ్ చేసేయండి. తోయొద్దు, మళ్ళీ సెల్ఫ్ కొట్టొద్దు. అదృష్టం బాగుండి రెండు వాల్వులే వంగి ఉంటే, ఆ తోపుడుకి మిగతావి వంగుతాయి. న్యూట్రల్‌లో పెట్టి లాగించండి.

అపోహ: "సెకండ్ హ్యాండ్ బండి, అమ్మినాయన మార్చానన్నాడు."

బిల్లు చూపించమనండి. బిల్లులో తేదీ, మీటరు రీడింగు, బెల్టుతో పాటు టెన్షనర్ పేరూ ఉండాలి. బిల్లు లేదంటే మార్చలేదనే లెక్క, ఆ ఖర్చు బేరంలో తగ్గించుకోండి. పాత ఇన్నోవాలో డాష్‌బోర్డు మీద టీ-బెల్ట్ లైటు వెలగట్లేదు కదా అనుకోవద్దు. అది కిలోమీటర్లు లెక్కపెట్టి వెలిగే లైటు, బెల్టుని చూసి వెలిగేది కాదు. బెల్టు ముట్టుకోకుండానే దాన్ని రీసెట్ చేసేయొచ్చు. మేం మార్చిన ప్రతి బండికీ తేదీ, కిలోమీటర్లు పెయింట్ మార్కరుతో టైమింగ్ కవరు మీదే రాసి, పాత బెల్టుని ఓనరు చేతికిస్తాం. మీరు ఎవరి దగ్గర మార్పించినా ఈ రెండూ అడిగి చేయించుకోండి.