మోరో కత్తిలోని మెలిక

ఫిలిప్పీన్స్ దక్షిణాన మిందనావో, సులు దీవులలో నివసించే మోరో ముస్లిం తెగల పాత కత్తుల మీద కనిపించే నీటి అలల వంటి గీతలను ఉలితో చెక్కారా అని ఒక పాఠకుడు అడిగారు. ఎవరూ చెక్కలేదు, అవి ఆ లోహపు లోపలి అమరికే. వంకీల క్రిస్, ఆకు ఆకారపు బరోంగ్, కొన వైపు వెడల్పయ్యే కంపిలాన్ అనే మూడింటిలో నన్ను ఎక్కువగా ఆకర్షించేది క్రిస్.

మెత్తని ఇనుప కడ్డీలను, కర్బనం ఎక్కువగా ఉన్న ఉక్కు కడ్డీలను ఒకదానిపై ఒకటి పేర్చి, కొలిమిలో తెల్లగా కాల్చి, సుత్తితో మోది కమ్మరి ఏకం చేస్తాడు. కొన్ని క్రిస్‌లలో ఆ కట్టను తాడు పేనినట్లు మెలిపెట్టి, పక్కపక్కన అతికి, అంచులకు గట్టి ఉక్కు వేస్తారు.

తాపేశ్వరం మడత కాజాను గుర్తు చేసుకోండి. పొరలు ఎప్పుడో చుట్టిపెట్టినవే అయినా, అవి మన కంటికి ఎలా కనిపిస్తాయన్నది చాకు ఏ కోణంలో దిగిందన్న దానిపై ఆధారపడుతుంది. మెలిపెట్టిన కడ్డీ కూడా అంతే: పైపైన అరగదీస్తే ఏటవాలు చారలు వస్తాయి, సగం మందం దాకా అరగదీస్తే అవే చారలు వంపులుగా, నక్షత్రాలుగా మారతాయి, పక్కపక్కనున్న కడ్డీల మెలికలు ఎదురెదురు దిశల్లో ఉంటే చేప ముల్లు ఆకారం ఏర్పడుతుంది. సాన పట్టిన ప్రతిసారీ లోపలి పొర మరికొంత బయటపడుతుంది కనుక, తరతరాలుగా వాడిన కత్తి మీద నేడు కనిపించే గీతలను దానిని చేసిన కమ్మరి చూసి ఉండడు.

పది మార్లు మడిస్తే ఒక్క పొర 1,024 అవుతుందని గొప్పగా చెబుతారు గానీ, పొరలు పెరిగిన కొద్దీ తేడా చెరిగిపోతుంది. దాదాపు 1,100 డిగ్రీల సెల్సియస్ వేడిలో కర్బన పరమాణువులు ఐదు నిమిషాలలో సుమారు మిల్లీమీటరులో పదో వంతు దూరం పాకి, ఉక్కు నుంచి పక్కనున్న ఇనుములోకి చేరతాయి. పొర అంతకంటే పలచనైతే కర్బనం రెండింటిలోనూ సమమవుతుంది. అప్పుడు గీతలను నిలిపేవి అంత సులువుగా కదలని భాస్వరం, నికెల్, ఇనుములో చిక్కిన చిట్టెం (ఇనుము తయారీలో మిగిలే మలినం).

మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు పేరు విన్నవారు దాని కత్తుల మీది అలలను, మోరో కత్తుల గీతలను ఒకటిగా భావించవద్దు. అక్కడ ఉక్కును మూసలో కరిగించేవారు. ఆ ఉక్కుతో చేసిన కత్తుల మీది అలలు కార్బైడ్ (ఇనుము, కర్బనం కలిసిన గట్టి పదార్థం) కణాలు వరుస కట్టడం వల్ల వచ్చినవి, పొరలు అతకడం వల్ల వచ్చినవి కావు. ఉల్క ఇనుముతో చేశారని, మంత్రబలం ఉందని అమ్మకందారు చెప్పే కథలకు ధర చెల్లించవద్దని కూడా నా మనవి.

గీతలు స్పష్టంగా కనిపించాలంటే, జిడ్డు తుడిచిన కత్తికి పలుచని నిమ్మరసమో వెనిగరో రాస్తే, ఆమ్లం ఒక్కో లోహాన్ని ఒక్కో తీరుగా కొరుకుతుంది: ఉక్కు నల్లబడుతుంది, మెత్తని ఇనుము బూడిదరంగులో ఉంటుంది, నికెల్ ఉన్న పొర మెరుస్తుంది. వెంటనే వంట సోడా నీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె రాయకపోతే తుప్పు పడుతుంది. తర్వాత, కత్తి పాతదో కాదో అంచనా వేయడానికి పిడి దగ్గర అడ్డంగా ఉండే గాంగ్యాను చూడండి: పాత క్రిస్‌లలో అది విడిగా చేసి అమర్చిన ముక్క కనుక దాని గీతలు కత్తి గీతలతో కలవకుండా అతుకు దగ్గరే ఆగిపోతాయి. 20వ శతాబ్దంలో చేసిన చాలా కత్తులలో అక్కడ అతుకు లేదు, గోకిన గీత మాత్రమే ఉంది.