పేగుల నుంచి రక్తం నేరుగా గుండెకు వెళ్లదు

గుండె నుంచి బయలుదేరిన రక్తం చేతికో కాలికో వెళ్లి, అక్కడి సన్నని కేశనాళికల్లో ఆక్సిజన్ ఇచ్చి, సిరల్లోంచి మళ్లీ గుండెకు చేరుతుంది. పొట్ట, పేగుల విషయంలో మాత్రం మధ్యలో ఇంకో మజిలీ ఉంది. అక్కడి రక్తం పోర్టల్ సిర అనే పెద్ద నాళంలోకి చేరి, ముందు కాలేయానికి వెళ్తుంది. అక్కడ మళ్లీ సన్నని నాళాలుగా చీలి, కాలేయ కణాలను ఒరుసుకుంటూ పారి, ఆ తర్వాతే గుండె దారి పడుతుంది. కాలేయానికి నిమిషానికి సుమారు లీటరున్నర రక్తం అందుతుంది. అందులో దాదాపు ముప్పాతిక వంతు ఇలా వచ్చేదే.

ఎందుకీ చుట్టుదారి? తిన్న అన్నం చిన్న పేగులో గ్లూకోజుగా మారి రక్తంలో కలుస్తుంది. అందులో కొంత కాలేయం పట్టి ఉంచుకుని, రాత్రి మనం నిద్రపోతున్నప్పుడు కొద్దికొద్దిగా వదులుతుంది. ఇది చాలామందికి తెలిసిందే. నాకు ఎక్కువ ఆసక్తిగా అనిపించేది అమ్మోనియా సంగతి. పేగుల్లోని బాక్టీరియా మాంసకృత్తులను విడగొట్టినప్పుడు పుట్టే ఈ పదార్థం మెదడుకు హాని చేస్తుంది. కాలేయం దాన్ని యూరియాగా మార్చేస్తుంది, అది మూత్రంలో పోతుంది.

1877లో రష్యన్ వైద్యుడు నికొలాయ్ ఎక్ కుక్కల్లో పోర్టల్ సిరను గుండెకు వెళ్లే పెద్ద సిరతో కలిపి, కాలేయాన్ని దాటవేసే దారి చేశాడు. 1890లలో రష్యన్ శాస్త్రవేత్త పావ్లోవ్ బృందం అదే ఆపరేషన్ చేసిన కుక్కలకు మాంసం పెడితే అవి తూలిపోయాయి, ఫిట్స్ వచ్చాయి, కొన్ని కోమాలోకి వెళ్లాయి. కాలేయం బాగా దెబ్బతిన్న మనిషి అయోమయంగా మాట్లాడితే డాక్టర్లు విరేచనాల సిరప్ లాక్టులోజ్ రాయడానికి కారణం ఇదే: పేగుల్లోని అమ్మోనియా రక్తంలో కలవకుండా బయటికి పోవాలి. తేడా కనిపించేది మెదడులో, మందు వేసేది పేగులకు! ఇంట్లోవాళ్లు ఆశ్చర్యపోవడం సహజం.

కొవ్వుల దారి వేరు. నెయ్యి, నూనెల్లోని కొవ్వులో ఎక్కువ భాగం పేగు గోడలోని శోషరస (లింఫ్) నాళాల్లోకి చేరి, ఛాతీ మీదుగా పైకి వెళ్లి, ఎడమ మెడ దగ్గర రక్తంలో కలుస్తుంది. కాలేయం దగ్గరకు వచ్చేది ఆ తర్వాతే. బాగా నెయ్యి తిన్న కొన్ని గంటలకు రక్తం తీస్తే సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) పాలలా తెల్లగా కనిపించవచ్చు. ట్రైగ్లిజరైడ్ల (రక్తంలోని కొవ్వుల) టెస్టుకు పరగడుపున రమ్మనేది అందుకే.

మందులకూ ఈ మజిలీ తప్పదు. నైట్రోగ్లిజరిన్ మింగితే చాలా భాగం కాలేయంలోనే విరిగిపోతుంది. అందుకే గుండెనొప్పి వచ్చినప్పుడు ఆ మాత్రను నాలుక కింద పెట్టుకోమంటారు. అక్కడి సిరలు పోర్టల్ సిరలో కలవవు.

ఇంత రక్తం ఒకే దారిన రావడంలో ప్రమాదమూ ఉంది. సిరోసిస్‌లో కాలేయం గట్టిపడితే పోర్టల్ సిరలో ఒత్తిడి పెరుగుతుంది. రక్తం పక్కదారులు వెతుక్కుంటుంది, అన్నవాహిక అడుగున సిరలు ఉబ్బుతాయి. అవి చిట్లితే రక్తపు వాంతులవుతాయి. చూడటానికి కడుపులో పుండులా అనిపించినా రోగం కాలేయానిది, పరుగెత్తాల్సింది ఎమర్జెన్సీకి.