జపాన్ పాత కత్తి: పంపడం, దాచడంపై అపోహలు - వాస్తవాలు

అపోహ: ఒరలోనే ఉంది కదా, బబుల్ ర్యాప్ చుట్టి పెట్టెలో పెడితే చాలు.

వాస్తవం: దారిలో దెబ్బ ఎక్కువగా ఒర లోపలే తగులుతుంది. అలుగు మొదట్లో 'హబాకి' అనే లోహపు తొడుగు ఉంటుంది. అది ఒర మూతిలో బిగిసి ఉన్నంతసేపే అలుగు కదలదు. వదులైతే, పెట్టె నిలువునా పడ్డప్పుడు మొన ఒర అడుగును పొడిచి విరుగుతుంది. విరిగిన మొనను సానపట్టి తీర్చడం బాగా ఖరీదు, ఒక్కోసారి కుదరదు కూడా.

అందుకే ముందు పిడిలోని వెదురు చీల (మెకుగి) గట్టిగా ఉందో లేదో చూడండి. పిడి, ఒర కలిసేచోట మెత్తటి కాగితం చుట్టి, దాని మీదే టేపు వేయండి. నేరుగా వేస్తే టేపుతోపాటు లక్క ఊడొస్తుంది. తర్వాత బబుల్ ర్యాప్, దళసరి పీవీసీ గొట్టం, రెండు కొసల్లోనూ కనీసం 5 సెంటీమీటర్ల మందాన గట్టిగా కుక్కిన మెత్త, ఆ పైన అట్టపెట్టె. ఊపితే చప్పుడు రాకూడదు. చలిలో ప్రయాణించిన పార్సిల్‌ను అందగానే విప్పితే ఉక్కు మీద చెమ్మ పడుతుంది. ఒక రోజు ఆగండి.

అపోహ: పిడి లోపల దాగి ఉండే అలుగు తోక మీది తుప్పు గీకేస్తే ధర పెరుగుతుంది.

వాస్తవం: పడిపోతుంది. ఆ నల్లటి తుప్పును చూసే కత్తి వయసు అంచనా వేస్తారు. చేసినవాడి పేరు చెక్కి ఉంటే అదీ అక్కడే ఉంటుంది. దాన్ని ముట్టుకోకండి, నూనె కూడా పూయకండి.

అపోహ: నూనె ఎంత పూస్తే అంత మంచిది.

వాస్తవం: ఎక్కువైన నూనెను ఒర చెక్క పీల్చుకుంటుంది, దాన్ని దుమ్ము అంటుకుంటుంది, ఆ దుమ్మే అలుగు మీద గీతలు పెడుతుంది. చోజి నూనె (కత్తులకు వాడే, లవంగ నూనె కలిపిన పలచటి నూనె) రెండు మూడు చుక్కలు మెత్తటి గుడ్డ మీద వేసుకుని పలచగా రాస్తే సరి. ఆరు నెలలకోసారి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పాతది తుడిచి కొత్తది పూయండి. గుడ్డ ఎప్పుడూ అలుగు వీపు (పదును లేని అంచు) వైపు నుంచి పట్టుకోవాలి, లేకపోతే వేళ్లు తెగుతాయి. కొబ్బరినూనె, వంటనూనె జిగురు కడతాయి. సినిమాల్లో చూపించే ఉచికో పొడిని (సానరాయి మెత్తటి పొడి) మాటిమాటికీ అద్దితే పాలిష్ అరిగిపోతుంది.

అపోహ: తోలు సంచిలో సిలికా జెల్ నింపి పెడితే భద్రం.

వాస్తవం: తోలు తేమను పట్టి ఉంచుతుంది. మరీ పొడిగా ఉంటే చెక్క బిగుసుకుని అతుకు దగ్గర పగులుతుంది. తేమ 50 శాతం చుట్టుపక్కల ఉన్న గదిలో, సాదా చెక్క ఒరలో (షిరసాయ), అడ్డంగా, పదును పైకి ఉంచండి.

అపోహ: జపాన్‌లో రిజిస్ట్రేషన్ కార్డు ఉంటే విదేశానికి పంపేయొచ్చు.

వాస్తవం: ఆ కార్డు (తోరోకుషో) జపాన్ లోపల కత్తిని ఉంచుకోవడానికే. బయటికి పంపాలంటే అక్కడి సాంస్కృతిక వ్యవహారాల ఏజెన్సీ ఎగుమతి ధ్రువపత్రం తీసుకోవాలి. అప్పుడు కార్డును తిరిగి ఇచ్చేయాలి.