నారికురుపు: ఆ బావుల మెట్లు ఎందుకు మూశారు?

సికింద్రాబాద్‌లోని బన్సీలాల్‌పేట మెట్ల బావిలో పేరుకున్న చెత్తంతా తీసి, బాగుచేసి 2022 డిసెంబరులో తెరిచారు. ఆ రాతి మెట్లు చూస్తే నాకూ ముచ్చటేస్తుంది. అయితే ఒకప్పుడు చాలా ఊళ్లలో ఇలాంటి దిగుడు బావుల మెట్లను కావాలనే మూయించారు. కారణం నారికురుపు, ఒంట్లో పెరిగే ఓ పురుగు వల్ల వచ్చే జబ్బు.

నారి అంటే వింటికి కట్టే తాడు. పురుగూ అలాగే సన్నగా, మీటరు దాకా పొడుగుంటుంది. కాలి మీద బొబ్బ లేచి నిప్పు పెట్టినట్టు మండుతుంటే, చల్లగా ఉంటుందని మనిషి బావిలోకి దిగి కాలు నీళ్లలో పెడతాడు. బొబ్బ చితికి, ఆడ పురుగు వేలకొద్దీ పిల్లల్ని నీళ్లలోకి వదులుతుంది. వాటిని సైక్లాప్స్ అనే నలుసంత నీటిపురుగు తింటుంది. తర్వాత అదే మెట్టు మీద బిందె ముంచుకున్నవాళ్ల కడుపులోకి ఆ సైక్లాప్స్ చేరుతుంది. దాదాపు ఏడాది వరకు ఏమీ తెలియదు.

దీనికి మందు లేదు, టీకా లేదు, ఇప్పటికీ. పురుగు కొస బయటికొచ్చాక పుల్లకు చుట్టి రోజూ కొంచెం కొంచెం లాగాలి. వారాలు పడుతుంది. తొందరపడితే తెగిపోయి, కాలు వాచి చీము పడుతుంది. రెక్కాడితేగానీ డొక్కాడని ఇంట్లో ఒక మనిషి అన్నాళ్లు మంచాన పడితే ఎంత కష్టమో!

1983-84లో నిర్మూలన కార్యక్రమం మొదలైంది. 1984లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సహా 7 రాష్ట్రాల్లో దాదాపు 40 వేల కేసులు. ఇల్లిల్లూ తిరిగి రోగుల్ని వెతికారు. దిగుడు బావుల్ని చేద బావులుగా మార్చారు, బోరింగులు వేశారు, నీళ్లలో సైక్లాప్స్‌ని చంపే టెమిఫాస్ అనే రసాయనం కలిపారు. అన్నిటికంటే నాకు గొప్పగా అనిపించేది గుడ్డ. నీళ్లు గుడ్డలో వడగడితే సైక్లాప్స్ అందులోనే ఆగిపోతుంది. చివరి కేసు 1996 జులైలో, రాజస్థాన్‌లోని జోధ్‌పూర్ జిల్లాలో. 2000 ఫిబ్రవరిలో భారత్‌కు ఈ జబ్బు పీడ వదిలిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది.

మరి బావులు మళ్లీ తెరిస్తే? టెన్షన్ అక్కర్లేదు. పురుగు ఒంట్లో ఉన్నవాళ్లు నీళ్లలో దిగితేనే జబ్బు పాకుతుంది, మన దగ్గర అలాంటివాళ్లు లేరు. 1986లో ప్రపంచంలో సుమారు 35 లక్షల మందికి ఉండేది, 2024లో 15 మందికే వచ్చింది, చాద్, దక్షిణ సూడాన్‌లలో. కాకపోతే చాద్‌లో అది కుక్కలకూ పట్టుకుంది. నీటి దగ్గరికి పోకుండా అక్కడివాళ్లు కుక్కల్ని కట్టేసి ఉంచుతున్నారు.