స్టీవెన్ టైలర్ గొంతు గురించి మా పిల్లలకు

పిల్లలూ,

మొన్న ఫోన్‌లో మీరడిగిన ప్రశ్న రెండు ముక్కల్లో తేలేది కాదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. "ఇక టూర్లు చేయనని చెప్పిన మనిషి మళ్ళీ స్టేజి ఎక్కి ఎలా పాడారు పెదనాన్నా? అయితే మానేయడం ఉత్తుత్తిదేనా?" అన్నారు.

మీరు చూసిన వీడియో 2025 జూలై 5న బర్మింగ్‌హామ్‌లోని విల్లా పార్క్ స్టేడియంలో జరిగిన, బ్లాక్ సబ్బాత్ అనే ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ వీడ్కోలు కచేరీది. అమెరికా రాక్ బ్యాండ్ ఏరోస్మిత్ గాయకుడు స్టీవెన్ టైలర్ అక్కడికి అతిథిగా వచ్చి పాడారు. అప్పటికి ఆయనకు 77 ఏళ్ళు. అంతకు పదకొండు నెలల ముందు, 2024 ఆగస్టు 2న, ఏరోస్మిత్ బ్యాండ్ ఇక టూర్లు చేయదని ప్రకటన వచ్చింది. ఈ రెండూ నిజమే, ఒకదానికొకటి అడ్డం కూడా కాదు. అదెలాగో తెలియాలంటే ముందు ఆ గొంతు ఎక్కడిదో, దానికి ఏమైందో తెలియాలి.

టైలర్ అసలు పేరు స్టీవెన్ విక్టర్ టలారికో. నాన్న పద్ధతిగా శాస్త్రీయ సంగీతం నేర్చుకున్న పియానో విద్వాంసుడు. చిన్నప్పుడు ఆయన సాధన చేస్తుంటే పియానో కింద పడుకుని వినేవాడినని టైలరే చెప్పుకున్నారు. అరుపులు, కేకలు వేసే రాక్ గాయకుడికి సంగీతం రాదని మీ అమ్మమ్మ అంటుంటారు కదా, ఆ మాట ఈయన విషయంలో అస్సలు చెల్లదు. ఏరోస్మిత్ మొదటి ఆల్బమ్‌లోని "డ్రీమ్ ఆన్" పాటని ఆయన పియానో మీదే కట్టారు. మొదట్లో నెమ్మదిగా, దాదాపు దిగులుగా మొదలై, మెట్టు మెట్టుగా ఎక్కి, చివర్లో గొంతు ఆకాశానికి అంటుకుంటుంది. ఆ చివరి అరుపు శ్రుతిలోనే ఉంటుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని గమనించండి, ఎక్కడా జారదు.

బ్యాండ్ మొదలైంది 1970లో, బోస్టన్‌లో. గిటార్ జో పెర్రీ, బేస్ టామ్ హామిల్టన్, డ్రమ్స్ జోయీ క్రేమర్. మరుసటి ఏడాది రెండో గిటార్‌కి బ్రాడ్ విట్‌ఫర్డ్ వచ్చి చేరారు. కామన్‌వెల్త్ అవెన్యూలో ఒకే అపార్ట్‌మెంట్‌లో అందరూ కలిసి ఉంటూ, స్కూలు హాళ్ళలో వాయించుకుంటూ పైకొచ్చిన కుర్రాళ్ళు. మొదటి ఆల్బమ్ 1973లో వచ్చింది, పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1975లో "టాయ్స్ ఇన్ ది యాటిక్", 1976లో "రాక్స్" వచ్చాక కథ మారిపోయింది. పాత "డ్రీమ్ ఆన్"ని 1976లో మళ్ళీ విడుదల చేస్తే ఈసారి బిల్‌బోర్డ్‌లో, అంటే అమెరికాలో ఆదరణను బట్టి పాటలకు ర్యాంకులిచ్చే చార్టులో, 6వ స్థానం దాకా వెళ్ళింది. పాట అదే, వినేవాళ్ళకే మూడేళ్ళు పట్టింది.

ఆ తర్వాతి భాగం మీకు దాచిపెట్టి చెప్పను. డబ్బు వచ్చింది, దానితో పాటే డ్రగ్స్ వచ్చాయి. 1979లో జో పెర్రీ గొడవపడి వెళ్ళిపోయారు, 1981లో విట్‌ఫర్డ్ కూడా. 1984లో ఇద్దరూ తిరిగొచ్చారు. 80ల మధ్యలో ఒక్కొక్కరూ చికిత్స తీసుకుని బయటపడ్డారు. వ్యసనం ఒకసారి తగ్గితే తగ్గిపోయినట్టు కాదు. 2022లో కాలికి ఆపరేషన్ అయ్యాక టైలర్ మళ్ళీ వ్యసనంలోకి జారిపోయి, తనంతట తాను రిహాబ్‌లో, అంటే వ్యసనం మాన్పించే చికిత్సా కేంద్రంలో చేరారు. ఆ వేసవి లాస్ వేగాస్ షోలు రద్దయ్యాయి. అదే ఏడాది డిసెంబరులో, 1970లలో మైనర్‌గా ఉన్న తనను లైంగికంగా వేధించారంటూ ఒక మహిళ ఆయన మీద కోర్టుకెళ్ళారు. ఆయన ఆ ఆరోపణలను ఖండించారు. గొంతు బాగుంది కాబట్టి మనిషి గురించి ఏమీ అడగకూడదని నేను మీకు చెప్పను. అభిమానులు ఆ ప్రశ్న కూడా మోయాల్సిందే, నేనూ మోస్తున్నాను.

ఇక మీలో పెద్దాడికి ర్యాప్ ఇష్టం కాబట్టి ఈ సంగతి వాడి కోసం. న్యూయార్క్‌లో రన్-డి.ఎం.సి. అనే ర్యాప్ గ్రూప్ ఉండేది. ఏరోస్మిత్ పాట "వాక్ దిస్ వే" మొదట్లో వచ్చే జోయీ క్రేమర్ డ్రమ్స్ ముక్కని తిప్పి తిప్పి వేసుకుంటూ దాని మీద ర్యాప్ చేసేవాళ్ళు. ఆ డ్రమ్స్ తర్వాత ఒక పాట ఉందని, దాన్ని పాడింది ఎవరని వాళ్ళకి పెద్దగా పట్టింపు లేదు. నిర్మాత రిక్ రూబిన్ పట్టుబట్టి పాట మొత్తం చేయించారు, టైలర్‌నీ పెర్రీనీ స్టూడియోకి పిలిపించారు. 1986లో అది బిల్‌బోర్డ్‌లో 4వ స్థానానికి వెళ్ళింది. ఏరోస్మిత్ సొంతంగా పాడినప్పుడు 10 దాకానే వెళ్ళిన పాట అది. వీడియోలో పక్కపక్క గదుల్లో రెండు బృందాలూ ఒకరి మీద ఒకరు విసుక్కుంటుంటే, టైలర్ మైక్ స్టాండుతో మధ్య గోడని పగలగొట్టి తల లోపలికి పెడతారు. తెల్లవాళ్ళ రాక్ వినేవాళ్ళు, నల్లవాళ్ళ ర్యాప్ వినేవాళ్ళు వేరువేరు అని రేడియో స్టేషన్లే గీత గీసుకున్న రోజులవి. ఏరోస్మిత్ వాయించిన రాక్‌కి మూలం నల్లజాతి కళాకారుల బ్లూస్. ఆ లెక్కన చూస్తే ఆ సంగీతం పుట్టింటికి వెళ్ళి వచ్చినట్టే. నన్నడిగితే వాళ్ళు చేసిన పనులన్నిటిలో ఇదే పెద్దది. మునిగిపోతున్న బ్యాండ్‌ని ఒడ్డున పడేసింది కూడా ఇదే.

మీకు మాత్రం వాళ్ళది తెలిసిన పాట "ఐ డోంట్ వాంట్ టు మిస్ ఎ థింగ్" ఒక్కటే. 1998లో "ఆర్మగెడాన్" సినిమాకి పాడారు, అందులో టైలర్ కూతురు లివ్ టైలరే హీరోయిన్. రాసింది డయాన్ వారెన్. బిల్‌బోర్డ్‌లో వాళ్ళకి దక్కిన ఒకే ఒక్క నంబర్ వన్ పాట అదే. మంచి పాటే. కానీ దాన్ని విని ఏరోస్మిత్‌ని విన్నామనుకోవద్దు.

2007 జూన్ 2, శనివారం, బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఏరోస్మిత్ కచేరీ చేసింది. అప్పుడు నా ఉద్యోగం బెంగళూరులోనే. హైదరాబాద్ నుంచి, వైజాగ్ నుంచి రాత్రి బస్సులెక్కి వచ్చిన కుర్రాళ్ళు చుట్టూ తెలుగులో మాట్లాడుకుంటూ కనిపించారు. టేపుల మీద టేపులు కాపీ చేసుకుని విన్న తరం మాది. ఆ గొంతు నిజంగా ఒక మనిషి నోట్లోంచి వస్తుందని కళ్ళారా చూడటం ఎలా ఉంటుందో మీకు ఎలా చెప్పను! మైక్ స్టాండుకి కట్టిన రంగురంగుల స్కార్ఫులు ఊగుతున్నాయి, ఆయన పరిగెడుతూనే పాడుతున్నారు, అంత పరుగులోనూ పై స్వరం అందుకుంటున్నారు. ఇంకో విషయం నాకు తర్వాతే పూర్తిగా అర్థమైంది. దానికి ఏడాది ముందే, 2006లో, ఆయన గొంతుకు ఆపరేషన్ జరిగింది. అప్పుడు కూడా టూర్ మధ్యలో ఆపేయాల్సి వచ్చింది. అంటే మేము విన్నది ఒకసారి బాగుచేసిన గొంతు.

ఇప్పుడు ఆ గొంతు సంగతి. మెడ ముందు భాగంలో తడిమితే గట్టిగా తగులుతుందే, అది స్వరపేటిక. మృదులాస్థితో అయిన చిన్న పెట్టె. దాని లోపల రెండు స్వరతంత్రులు, మగవాళ్ళలో రెండు సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటాయి. ఊపిరితిత్తుల్లోంచి గాలి పైకి తోసుకొస్తే అవి ఒకదానికొకటి తగులుతూ విడిపోతూ కంపిస్తాయి. మామూలుగా మాట్లాడే మగగొంతులో సెకనుకు వంద, నూట ముప్పై సార్లు. చిట్టితల్లీ, నీ గిటార్ ట్యూనర్ యాప్‌లో 440 అని కనిపిస్తుంది కదా, అది సెకనుకు 440 కంపనాలన్నమాట. "డ్రీమ్ ఆన్" చివర్లో టైలర్ గొంతు ఆ 440ని దాటి చాలా పైకి వెళ్తుంది. అంటే సెకనుకు అన్ని వందల సార్లు ఆ రెండు చిన్న పొరలు కొట్టుకుంటున్నాయి. ఇది రెండు గంటల కచేరీ, వారానికి రెండు మూడు కచేరీలు, యాభై ఏళ్ళు.

హార్మోనియంలో రీడు పాడైతే విప్పి కొత్తది వేయించుకోవచ్చు. స్వరతంత్రులకు ఆ వీలు లేదు. వాటి పైపొర చాలా పలచన, మెత్తన. అలలా కదిలితేనే శుభ్రమైన స్వరం వస్తుంది. లోపల సన్నటి రక్తనాళం చిట్లితే రక్తం ఆ పొర కింద చేరి ఉబ్బుతుంది. అప్పుడు నోరు మూసుకుని ఉండటమే మందు. మానిన చోట మచ్చ కడితే ఆ భాగం బిరుసెక్కి అల సాగదు. మైక్ సౌండ్ పెంచుకోవచ్చు, కంప్యూటర్‌లో శ్రుతి సరిచేయవచ్చు. బిరుసెక్కిన పొరని మాత్రం ఏ యంత్రమూ మెత్తబరచలేదు.

2023 సెప్టెంబరు 2న ఫిలడెల్ఫియాలో వాళ్ళ వీడ్కోలు టూర్ మొదలైంది. నలభై ఊళ్ళు. జోయీ క్రేమర్ అందులో లేరు, మిగతా నలుగురూ ఉన్నారు. మూడో కచేరీ సెప్టెంబరు 9న, న్యూయార్క్ పక్కన ఎల్మాంట్‌లో. ఆ రాత్రి పాడుతుండగానే టైలర్ స్వరతంత్రులు దెబ్బతిని రక్తం వచ్చింది. ముందు నెలరోజులు పాడొద్దన్నారు డాక్టర్లు. సెప్టెంబరు నెలాఖరుకి ఇంకో కబురు: స్వరపేటిక కూడా చిట్లింది. లోపలి తంత్రులు సరిగ్గా కలవాలంటే వాటిని పట్టి ఉంచే ఆ పెట్టె సరిగ్గా ఉండాలి కదా. టూర్ మరుసటి ఏడాదికి వాయిదా పడింది. 2024 సెప్టెంబరు 20న పిట్స్‌బర్గ్‌లో మళ్ళీ మొదలు పెడతామన్నారు. టైలర్ నెలల తరబడి సాధన చేశారు. చివరికి ఆగస్టు 2న, గొంతు పూర్తిగా మునుపటిలా కావడం సాధ్యం కాదని, టూర్లకు స్వస్తి చెబుతున్నామని ప్రకటించారు. టికెట్ డబ్బులు వెనక్కి ఇచ్చేశారు.

నా మనసు ఎక్కువ కష్టపడింది బోస్టన్ వాళ్ళ కోసం. 2023 డిసెంబరు 31 రాత్రి టీడీ గార్డెన్‌లో, సొంత ఊళ్ళో కచేరీ ఉండాల్సింది. అది జరగనే లేదు. నాతో పాటు ప్యాలెస్ గ్రౌండ్స్‌కి వచ్చిన స్నేహితుడొకడు ఇప్పుడు ఆ దగ్గర్లోనే ఉంటున్నాడు. కూతుర్ని తీసుకెళ్ళాలని టికెట్లు కొన్నాడు. ప్రకటన వచ్చిన రోజు ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడాడు. కోపం లేదు, వీడ్కోలు చెప్పే అవకాశం రాలేదనే బాధ. 2022 సెప్టెంబరులో బోస్టన్‌లోనే ఫెన్‌వే పార్క్ స్టేడియంలో చేసిన కచేరీతోనే ఆపేసి ఉంటే నిండుగా ఉండేదని వాడంటాడు. నేను ఒప్పుకోను. గొంతు ఇంకా పలుకుతున్నప్పుడు ఊరూరా తిరిగి సెలవు తీసుకుందామనుకోవడంలో తప్పేముంది? 75 ఏళ్ళ మనిషి మూడో రాత్రికే విరిగిపోతాడని ఎవరికి తెలుసు?

మరి వేరే గాయకుడిని పెట్టుకోవచ్చు కదా అంటారు. జర్నీ బ్యాండ్ అలాగే చేసింది. ఫిలిప్పీన్స్‌లో పాడుకుంటున్న ఆర్నెల్ పినేడాని 2007లో యూట్యూబ్‌లో చూసి పిలిపించుకున్నారు, ఆయన బ్రహ్మాండంగా పాడుతున్నారు కూడా. వాళ్ళని తప్పుపట్టను. ఏరోస్మిత్ అలా చేయలేదు, రికార్డు చేసిన గొంతు వేసి పెదవులు కదిపే పని కూడా చేయలేదు. జనం కొన్నది ఆ రాత్రి ఆ గొంతు. అది ఇవ్వలేనప్పుడు డబ్బు తిరిగిచ్చేయడం నాకు గౌరవంగా కనిపిస్తుంది. చాలామంది అభిమానులు చివరికి ఇక్కడికే వచ్చి ఆగారు. ముందు ఏడ్చారు, తర్వాత ఎవరు ఏ ఏడాది ఏ ఊళ్ళో చూశారో చెప్పుకోవడం మొదలుపెట్టారు.

ఇప్పుడు మీ ప్రశ్న. బర్మింగ్‌హామ్‌లో ఆయన పాడింది రెండు మూడు పాటలు. ముందు నెలల విశ్రాంతి, వెనక నెలల విశ్రాంతి. టూర్ అంటే ఈ రాత్రి రెండు గంటలు, ఎల్లుండి ఇంకో ఊళ్ళో మళ్ళీ రెండు గంటలు, మధ్యలో ప్రయాణం, ఏసీ గాలి, నిద్ర లేకపోవడం. దెబ్బతిన్న గొంతు మొదటిది తట్టుకుంటుంది, రెండోది తట్టుకోలేదు. ఆయన వదులుకున్నది టూర్లని, పాటని కాదు. 2025లోనే యంగ్‌బ్లడ్ అనే ఇంగ్లండ్ కుర్రాడితో కలిసి ఏరోస్మిత్ కొన్ని కొత్త పాటలు రికార్డు చేసింది. స్టూడియోలో గొంతు అలిసిపోతే ఆపి, రేపు పాడొచ్చు. టికెట్ కొని నిలబడ్డ వేలమందిని రేపు రమ్మనలేం.

చిట్టితల్లీ, కాలేజీ బ్యాండ్‌లో పాడతానంటున్నావు, సంతోషం. అరవాలనుకుంటే అరిచెయ్, కానీ ముందు ఒక గురువు దగ్గర ఊపిరి పట్టడం నేర్చుకో. జలుబు చేసినప్పుడు పై స్థాయికి వెళ్ళకు. గొంతు బొంగురుపోయి మూడు వారాలు దాటితే తేనె, మిరియాలు అంటూ కూర్చోకుండా ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించు. పాడుతుండగా ఒక్కసారిగా గొంతు పోతే వెంటనే ఆపెయ్, ఆ రోజే వెళ్ళు.

వినాలనుకుంటే "రాక్స్"తో మొదలు పెట్టండి, తర్వాత "టాయ్స్ ఇన్ ది యాటిక్", ఆ తర్వాత 1989 నాటి "పంప్". పెద్దాడికి "పంప్" నచ్చుతుందని నా అంచనా, నాకు "రాక్స్"ని మించింది లేదు. సంక్రాంతికి వచ్చినప్పుడు మీ మీ కారణాలు చెప్పండి, వాదించుకుందాం.

మీ
పెదనాన్న